దేవుని చిత్తము నెఱుగుట యెట్లు?

క్రైస్తవ విశ్వాసమున నడచువారు తమ బోధకులను తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. అది దేవుడున్నాడా లేడా యనునది కాదు. ఉన్నాడనియే మన పల్లెలలో నెల్లరును నమ్ముదురు. ఆయన తమ్మిపుడేమి చేయుమనుచున్నాడో తెలియలేదనియే వారి వ్యథ. చదువుకొన్నవారి గ్రంథములలో ఈ ప్రశ్న సర్వజ్ఞత్వము, స్వేచ్ఛ, విధి యను పెద్ద పేర్లతో కనబడును. శ్రీకాకుళము జిల్లా సంతబొమ్మాళి మండలమున సముద్రపుటొడ్డున నున్న భావనపాడు వంటి గ్రామమున అది వేఱు వేషము వేసికొని వచ్చును. నేడు పడవ దింపవచ్చునా? కొడుకును గుజరాతులోని వెరావలు రేవునకు వేటపనికి పంపవచ్చునా? కూతునకు వచ్చిన సంబంధమునకు సమ్మతింపవచ్చునా? అప్పు చేసి క్రొత్త ఇంజను కొనవచ్చునా? ఈ తీరమున క్రైస్తవులు కొద్దిమంది. గంగమ్మకు మ్రొక్కువారే యెక్కువ. అయినను ఈ ప్రశ్నలు ఇరువురకును ఒక్కటియే. వానిని అడుగు చోటు మాత్రమే వేఱు.

ఇట్లడుగువారిని చూచి నవ్వుట మా యుద్దేశము కాదు. నెల మొదటి తేదీని ఇంత జీతము వచ్చునని యెఱిగినవాడు దైవచిత్తమును గూర్చి తీరికగా విచారింపవచ్చును. నేడు వల నిండునో, ఖాళీగా వచ్చునో, అసలు మనుష్యుడే తిరిగి వచ్చునో రాడో తెలియని యింట ఆ విచారము అన్నముతో కూడినది. అట్టివారు ఒక గుఱుతు కావలెనని కోరుట సహజము. సహజమైన దానినెల్ల సరియైనదని యొప్పుకొనవలెనా యనునదే మేమిచ్చట విచారింపదలచిన సంగతి.

గుఱుతులు వెదకు విధములు మన సంఘములలో పెక్కు ప్రబలినవి. డిసెంబరు 31వ తేదీ రాత్రి ఆరాధన ముగియు వేళ వాగ్దానపు చీటీలు పంచుట నేడు తెలుగునాట అనేక సంఘములలో ఆచారము. ఒక్కొక్కరు ఒక్కొక్క చీటి తీసికొని, అందున్న వాక్యమే తమకు ఆ సంవత్సరమునకు దేవుడిచ్చిన మాటయని భద్రపఱచుకొందురు. ఇందు ముచ్చట గలదు. క్రొత్త సంవత్సరమున పేదవాడు ధైర్యము చెప్పు మాట నొకదానిని జేబులో పెట్టుకొని యింటికి పోవుటను ఎవరు తప్పుపట్టగలరు? కాని ఆ చీటీలలో ఆశీర్వాదములే యుండుట గమనింపదగినది. నిన్ను హెచ్చించెదను, నీ శత్రువులను అణచెదను అను ధోరణి మాటలు దొరకును గాని, కూలివాని కూలి ప్రొద్దుగ్రుంకకముందే యిమ్మని ధర్మశాస్త్రము చెప్పిన మాట గల చీటి మాకెన్నడును కంటబడలేదు. అదియు అదే గ్రంథములోనిదే. మనము తీయుటకు ముందే మనకిష్టము లేనివి తీసివేయబడిన పెట్టెలో చేయి పెట్టి, దేవుడేమి చెప్పునో చూతమనుట వింతగా లేదా?

మఱికొందఱు గ్రంథమును కన్నులు మూసికొని తెఱచి, వ్రేలు పెట్టిన వచనమును ఆజ్ఞగా గైకొందురు. దీనికి ఆధారముగా గిద్యోను కథను చెప్పుదురు. ఉన్ని తడిసి నేల పొడిగా నుండవలెననియు, మఱునాడు నేల తడిసి ఉన్ని పొడిగా నుండవలెననియు అతడు గుఱుతులడిగెను గదా యందురు. అడిగినమాట నిజము. కాని అతడు చేయవలసిన పని యేమో అంతకు ముందే అతనికి విస్పష్టముగా చెప్పబడియుండెను. అతనికి కొఱతపడినది తెలివి కాదు, ధైర్యము. రెండవమాఱు అడుగునపుడు, కోపగించుకొనవలదని దేవుని వేడుకొనెను. అనగా తాను చేయుచున్నది అంత గొప్పపని కాదని అతనికే తెలియును. అపొస్తలులు యూదా స్థానమున మత్తీయను చీట్లు వేసి యెన్నుకొనిరనుటయు సత్యమే. అయితే అది పెంతెకొస్తునకు ముందు జరిగిన సంగతి. ఆత్మ వారిమీదికి వచ్చిన పిమ్మట క్రొత్త నిబంధనలో సంఘము మరల చీట్లు వేసినట్లు ఒక్క చోటను కనబడదు. వారు కూడుకొనిరి, తర్కించిరి, ఒకరితో నొకరు విభేదించిరి, పొరబడిరి, దిద్దుకొనిరి. చీటికంటె కష్టమైన మార్గమది.

చీటివలన కలుగు లోపమేమో జాన్ వెస్లీ చరిత్రలో చక్కగా తేటపడును. మెథడిస్టు సమాజములకు మూలపురుషుడైన ఈ మహనీయుడు యౌవనమున అమెరికాలోని జార్జియా వలసరాజ్యమున బోధకుడై యుండెను. సోఫియా హాప్కీ యను యువతిని పెండ్లాడవలెనా వలదా యను సంశయము అతనిని పీడింపగా, 1737 మార్చిలో మిత్రునితో కూడి ప్రార్థించి మూడు చీట్లు వ్రాసెను. పెండ్లాడుమని యొకటి, ఈ సంవత్సరము ఆ తలంపు వలదని యొకటి, ఇక నెన్నడును తలపవలదని యొకటి. మూడవది వచ్చెను. వెస్లీ దానికి లోబడెను. ఆమె కొలది దినములలోనే వేఱొకరిని వివాహమాడెను. అంతటితో కథ ముగిసిన బాగుండెడిది. కాని ఆ యేడు ఆగస్టులో వెస్లీ ఆమెకు ప్రభురాత్రి భోజనసంస్కారమును నిరాకరించెను. ఆమె బంధువులు వ్యాజ్యెము తెచ్చిరి. సంవత్సరము ముగియకమునుపే అతడు ఆ దేశమును విడిచి పోవలసివచ్చెను. చీటి అతనికి సమాధానము చెప్పినది. అతని హృదయమును మాత్రము మార్చలేదు. విడిచిపెట్టుమని చెప్పినది గాని, విడిచిన పిదప ఆమెయెడల ఎట్లు ప్రవర్తింపవలెనో నేర్పలేదు. నిజమైన దైవచిత్తము ఆ రెండవ విషయముననే యుండెనని మేము తలంచెదము. వెస్లీ పిమ్మట గొప్ప బోధకుడయ్యెననుట లోకవిదితము. ఆ గొప్పతనము ఆ చీట్ల వలన వచ్చినది కాదు.

ఇక్కడ మనము ప్రశ్ననే మార్చుకొనవలసియున్నది. దేవుని చిత్తము ఎచ్చటనో దాచబడిన రహస్యపత్రమనియు, నేర్పరియైనవాడు దానిని వెదకి తీసి చదువుకొనుననియు మనము భావించుచున్నాము. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక పండ్రెండవ అధ్యాయమున ఈ క్రమమును తలక్రిందులు చేసినాడు. మొదట మనస్సు నూతనమగుట, దానివలన మనుష్యుడు మాఱుట, ఆ పిమ్మటనే దేవుని చిత్తమేదో పరీక్షించి తెలిసికొనుట. కన్ను బాగుపడిన తరువాతనే చూపు. మనమో, కన్ను చెడియున్నను ఫరవాలేదు, చూడవలసిన దానిని ఎవరైన చెవిలో చెప్పిన చాలునని కోరుచున్నాము.

భావనపాడు తీరమున పెరిగిన వారికి ఈ సంగతి వివరింప బనిలేదు. ఒడ్డున నిలిచి సముద్రమును చూచు పట్టణవాసికి నీరంతయు ఒక్కటిగనే యుండును. ముప్పది యేండ్లు పడవమీద గడపిన ముసలివానికి అట్లుండదు. నీటిమీది రంగు కొంచెము మాఱినను, పక్షులు ఒకచోట మూగి దిగుచున్నను, అలమీద చిన్న కలత కనబడినను, అడుగున చేపల మంద కదలుచున్నదని అతడు చెప్పును. ఎట్లు తెలిసెనని అడిగిన సరిగా వివరింపజాలడు. అతనికి ఆకాశవాణి యేదియు వినబడలేదు. దినదినము చేసిన పనివలన, తిన్న దెబ్బలవలన, పెద్దల వెంట కూర్చుండి నేర్చిన ఓర్పువలన అతని కన్ను అట్లు తయారైనది. విశ్వాసమున పెరుగుట యనగా మా దృష్టిలో నిట్టిదే. ప్రార్థన, వాక్యపఠనము, సంఘసహవాసము అను మాటలను మనము అలవాటుగా వల్లించుచుందుము. అవి దేవునివద్ద నుండి వార్తలు రాబట్టు యంత్రములు కావు. అవి కన్నును తయారుచేయు పనులు. పదియేండ్లు క్షమింప నేర్చినవాడు పదునొకండవ యేట ఒక తగవు వచ్చినపుడు, ఇందు దేవుని చిత్తమేమని యుపవాసముండి అడుగనక్కఱ లేదు. అతనికది కనబడుచునే యుండును. ఎన్నడును క్షమింపనివాడు నలువది దినములు ఉపవాసమున్నను, తనకనుకూలమైన వచనమే దొరకించుకొనును.

సముద్రపు మాట వచ్చినది గనుక పౌలు ఓడప్రయాణమును కూడ స్మరింపవలెను. ఖైదీగా రోమునకు పోవుచు, క్రేతు ద్వీపమున నాగినపుడు, ఇక ప్రయాణము హానికరమని అతడు చెప్పెను. ఎందుచేత? దర్శనము కలిగినదని అచ్చట వ్రాయబడలేదు. ఉపవాసదినము గడచిపోయినదనియు, అనగా శరత్కాలము వచ్చి సముద్రము చెడినదనియు మాత్రమే వ్రాయబడినది. ఋతువు నెఱిగి, పూర్వము ఓడలు పగిలిన యనుభవమును మఱవక, సాధారణ బుద్ధితో చెప్పిన మాట యది. శతాధిపతి ఓడ యజమానుని మాటయే వినెను; ఎక్కువమంది అభిప్రాయమును అదియే; అనుకూలమైన దక్షిణపు గాలియు మెల్లగా వీచెను. గుఱుతులు వెదకువాడు ఆ గాలినే దైవానుగ్రహమని చెప్పియుండును! ఓడ యేమైనదో మన మెఱుగుదుము. దేవదూత పౌలునకు కనబడుట ఆ తరువాత, అన్ని యాశలును పోయిన రాత్రి. దేవుడు బుద్ధినిచ్చియుండగా దానిని వాడక, దూతకొఱకు ఎదురుచూచువానికి ఆ యధ్యాయము పెద్ద హెచ్చరిక.

అయిన ప్రార్థన వ్యర్థమా యని కొందఱడుగవచ్చును. కాదు. మన కోరికలే మనకు సరిగా తెలియవు. ప్రార్థనలో అవి బయటపడును. ఇదిగో, కూతు పెండ్లి సంగతి తీసికొందము. తెలుగు క్రైస్తవ కుటుంబములలో సంబంధము కుదిరినపుడు, ప్రార్థించితిమి, ఇది దేవుని చిత్తమని తెలిసినదని చెప్పుట వాడుక. మంచిదే. కాని ప్రార్థించి తెలిసికొన్న వరుడు ప్రతిసారియు స్వకులమువాడే యగుట యెట్లు? క్రీస్తునందు భేదము లేదని ఆదివారము పాడినవారికి సోమవారమున దేవుడు కులము చూచి వరుని చూపునా? కట్నపు మొత్తము కుదురునంతవఱకు తెలియని చిత్తము, కుదిరిన మఱునాడు తేటపడుటలోని మర్మమేమి? వరకట్నమును నిషేధించు చట్టము 1961లో వచ్చినది. రాజ్యశాసనము తప్పని చెప్పుచున్న దానిని దేవుని పేరుతో జరుపుకొనుట క్రైస్తవునకు తగునా? మనము మొదటనే నిశ్చయించుకొన్న దానిమీద ఆయన చేవ్రాలు పెట్టించుకొనుటకు ప్రార్థన యని పేరుపెట్టుచున్నాము. ఒక్క పరీక్ష చాలును: నా యిచ్ఛకు విరుద్ధముగా దైవచిత్తము ఒక్కమాఱైనను నాకు తెలిసినదా? ఎన్నడును తెలియకపోయినచో, నేను వినుచున్నది నా కంఠమునే యేమో.

ఈ విషయమున ఉత్తరాంధ్రమునకే చెందిన యొక పెద్దను తలపోయుట మేలు. పురుషోత్తమ చౌదరి 1803వ సంవత్సరమున పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. ఆయన రచించిన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమున నేటికిని నిలిచియున్నవి. సంఘభేదము లేక తెలుగు క్రైస్తవు లెల్లరును పాడుచున్నారు. కాని ఆయన కీర్తనకారుడుగా నెంత ప్రసిద్ధుడో, ఆయన నడచిన మార్గము అంత ప్రసిద్ధము కాదు. ఆయన సంప్రదాయమున శ్రద్ధతో పెరిగినవాడు, వెదకినవాడు, లండను మిషనువారు 1805 నుండి పనిచేయుచుండిన విశాఖపట్టణపు పుస్తకములు చేతికి వచ్చినపుడు చదివి, ఆలోచించి, చాల దినములు ఊగిసలాడినవాడు. 1833లో కటకమున బాప్తిస్మము పొందెను. ఆనాడు దాని వెల యేమో మనము ఊహింపగలము. బంధువులు పోయిరి, భార్యయు వెంటనే ఆయనతో రాక, కొంతకాలమునకు గాని వచ్చి చేరలేదు. ఈ నిశ్చయము ఆయనకు అనుకూలమైనది కాదు. అంతటితో నాగక, ఆయన కులాచార పరీక్ష యను గ్రంథమును వ్రాసెను. తాను పుట్టుకచే నే యగ్రపీఠమున కూర్చుండెనో దానినే ప్రశ్నించుట దానియందలి విశేషము. దేవుని చిత్తము తన కులమునకు లాభకరముగా నుండునని ఆయన అనుకొనలేదు. 1890లో ఆయన గతించెను. ఆయన పాటలు పాడుచు ఆయన విడిచిన కులమును పట్టుకొని వ్రేలాడు సంఘములను చూచిన, పాట కంఠము దాటి దిగలేదని చెప్పవలసివచ్చుచున్నది.

ఈ ప్రాంతమునకు సువార్త వచ్చిన విధముననే మఱియొక సంగతి కలదు. కెనడా తూర్పుతీరపు మారిటైము రాష్ట్రముల బాప్టిస్టులు 1873లో తమ మిషనరీలను పంపినది తెలుగువారికొఱకు కాదు. సయాము దేశమున నున్న కరెను జాతివారికి బోధించుట దేవుని చిత్తమని వారు ప్రార్థించి నిశ్చయించుకొనిరి. సముద్రములు దాటి వచ్చి, అడవులు తిరిగి వెదకి చూడగా, తాము తలంచినంతమంది కరెనులు అచ్చట లేరు. ఒంటారియో బాప్టిస్టులు 1874లో కాకినాడయందు పని నారంభించియుండిరి. ఉత్తరదిక్కున పనివారు లేరు, రండని వారు పిలిచిరి. 1875లో సయాము విడిచి వీరు తెలుగుదేశమునకు వచ్చిరి. భీమునిపట్టణము, బొబ్బిలి, శ్రీకాకుళములందును, పిమ్మట టెక్కలి, పర్లాకిమిడులందును ఆ మిషను పాదుకొన్నది ఆ మార్పువలననే.

ఇది విని, చూచితిరా, దేవుడు వారిని ఇటు త్రిప్పుటకే అటు పంపెనని చెప్పుట సులభము. మేమట్లు చెప్పుటకు తొందరపడము. మంచి ఫలితము వచ్చిన తరువాత వెనుకకు తిరిగి, అంతయు ముందే గీయబడిన గీతయని చెప్పుట బుద్ధిమంతుల పని కాదు. ఫలితము చెడినచోట ఆ మాటయే యెంత క్రూరమగునో ఆలోచింపుడు. మేము మెచ్చుకొనునది వేఱు. వారు కన్నులతో లెక్కించి చూచిరి. దేవుడు సయామునకే పొమ్మనెను గనుక లేని కరెనులకే బోధింతుమని మొండిపట్టు పట్టలేదు. పంపిన సంఘములకు ఉన్నదున్నట్లు వ్రాసి తెలుపుటకు సిగ్గుపడలేదు. పౌలు బితూనియకు పోవలెనని యత్నించి పోలేక త్రోయకు వచ్చిన విధమిట్టిదే. అపొస్తలునికే దారి ముందుగా తెలియకుండెనన్న, మనకు తెలియకుండుటలో అవమానమేమున్నది?

ఇంతవఱకు మేము చెప్పినది ఒక్కొక్కని జీవితమును గూర్చి. ఇక కష్టమైన భాగమునకు వచ్చుచున్నాము. దేవుని చిత్తమను మాట మనవారి నోట ఎక్కువగా వినబడునది నిర్ణయము చేయునపుడు కాదు, ఆపద వచ్చినపుడు. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమ ఉప్పెనలో పదివేలమంది పోయిరని ప్రభుత్వపు లెక్క. అంతకు మించియే యుందురని జనవాక్యము. అంతయు దైవచిత్తమని నాడు పలికినవారు కలరు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటెను. భావనపాడునకు అది ఎంతో దూరము కాదు. ఉద్దానమున కొబ్బరి తోటలు, జీడిమామిడి తోటలు నేలకూలెను. ఒక తరము చెమటోడ్చి పెంచిన చెట్లు ఒక్క రాత్రిలో పోయెను. అయినను ప్రాణనష్టము దివిసీమతో పోల్చదగినది కాదు. రెండు తుపానులును ఒక్కటి కావు, నిజమే. సముద్రము పొంగిన యెత్తును ఒక్కటి కాదు. కాని ఈ నలువది యేండ్లలో ముందుగా హెచ్చరించు పద్ధతులు మెఱుగుపడినవి. జనులను తరలించుట నేర్చితిమి. తుపాను ఆశ్రయములు కట్టితిమి. ఇందువలన బ్రదికినవారి బ్రదుకు దేవుని చిత్తమైనచో, వానిని కట్టక, చెప్పక, నాడు పోగొట్టుకొన్నవారి చావును కూడ ఆయన చిత్తమని యెట్లు చెప్పుదుము? గాలి ఆయనదే కావచ్చును. హెచ్చరిక చేర్పకపోవుట మనుష్యులది.

ఈ భేదమును గుర్తింపనివాని భక్తి, తెలియకయే, అధికారుల యశ్రద్ధకు రక్షణకవచమగును. తమ తీరమున తగిన రేవులు లేక శ్రీకాకుళపు జాలరులు వేలమైళ్లు పోయి వెరావలులో పరుల పడవలమీద పనిచేయుచున్నారు. అట్లు పోయిన ఉత్తరాంధ్రపు జాలరులు 2018 నవంబరులో పాకిస్తానువారికి చిక్కి, ఇరువదిమంది 2020 జనవరిలో వాఘా సరిహద్దున విడుదలైరి. ఆ పదునాలుగు నెలలు వారి యిండ్లలో భార్యలు ఎట్లు గడపిరో మన మూహింపవలెను. సముద్రముమీద సరిహద్దు గీత కనబడకపోవుట యెవరి చిత్తము? ఇంటిముందరనే సముద్రముండగా అన్నమునకై అంతదూరము పోవలసివచ్చుట యెవరి చిత్తము? మొదట భావనపాడు పేరనే ప్రతిపాదింపబడిన పెద్దరేవునకు 2023 ఏప్రిలు 19న మూలపేట యొద్ద శంకుస్థాపన జరిగినది. అందువలన బ్రదుకులు బాగుపడునని కొందఱును, తీరము చేజాఱునని కొందఱును తలంచుచున్నారు. ఈ తర్కమున మేము తీర్పు చెప్పబోము. ఊరు విడువవలసినవానికి ఇయ్యవలసిన భూమి, ఇల్లు, పని సరిగా వచ్చెనా లేదా యని అడుగుటకు మాఱుగా, అంతయు ప్రభువు చూచుకొనునని ఆదివారమునాడు చెప్పి పంపు బోధ మాత్రము మాకు సమ్మతము కాదు.

అట్లని, దుఃఖమున నున్నవాడు ఇది నా దేవుని చిత్తమని కన్నీరు తుడుచుకొనిన, వానినుండి ఆ యూతను లాగివేయువారము కాము. గెత్సేమనే తోటలో యేసు తన యిష్టమును తండ్రి యిష్టమునకు లోబఱచెను. కాని ఆ గిన్నె ఆయన తాను త్రాగినది. తన యొద్దకు వచ్చిన రోగిని ఎవ్వనినైనను, ఇది దేవుని చిత్తము, భరింపుమని చెప్పి ఆయన త్రిప్పిపంపినట్లు సువార్తలు నాలుగింటిలో నెచ్చటను లేదు. తన కష్టమును గూర్చి తాననదగిన మాట యొకటి. పరుని కష్టమును గూర్చి అనగూడని మాటయు అదియే. ఈ యొక్క భేదమును మన బోధకులు గట్టిగా పట్టుకొనినచో, చావు జరిగిన యిండ్లలో పలుకబడు మాటలలో సగము పలుకబడకుండును.

ఇక దినచర్యకు వత్తము. తూర్పుతీరమున ప్రతి యేట ఏప్రిలు 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. అది చేపలు గ్రుడ్లుపెట్టు కాలము. ఆ దినములకు రాష్ట్రప్రభుత్వము ఇచ్చు భృతి 2019లో పదివేల రూపాయలుగా నుండి, 2025లో ఇరువదివేలైనది. ఈ నియమమును పాటించుట దైవచిత్తమా యని చీటి తీసి చూడవలసిన పనిలేదు. రేపటి చేపను నేడు చంపకుండుట, పొరుగువాడు పాటించుచుండగా తాను రహస్యముగా పోకుండుట, ఇవి ప్రార్థనకు ముందే తెలిసిన సంగతులు. వేటనుండి వచ్చిన పిదప పడవవాటా, వలవాటా, కూలివాటా లెక్కకట్టునపుడు చదువురాని కూలివానికి సరియైన వాటా నిచ్చుటయు, బుట్ట నెత్తిన పెట్టుకొని పోవు వితంతువునకు మంచి చేపను అరువిచ్చుటయు అట్టివే. మనకు తెలియని దైవచిత్తము కొంచెము. తెలిసియు చేయక విడిచినది కొండంత. తెలిసినదానిని చేయుచు పోగా తెలియనిది కొంత కొంత తెలియవచ్చునని పెద్దల యనుభవము.

అయినను అన్నియు నింత తేలికయని మేము చెప్పజాలము. జూన్ మొదటి వారమున ఒక యింట బియ్యము నిండుకొనును. ఇంజనుకొఱకు తెచ్చిన యప్పునకు వడ్డీవాడు గుమ్మమున నిలుచును. బడులు తెఱచు దినములు దగ్గఱపడును. ఒడ్డున చీకటి, కాపలాలేని రాత్రి, పడవ సిద్ధముగా నున్నది. ఆ గృహస్థుడు విశ్వాసి. నియమము న్యాయమైనదని యెఱుగును. పిల్లల యాకలియు నెఱుగును. అతడు సంఘపెద్ద యొద్దకు పోయి, అయ్యగారూ, నేనేమి చేయవలెనని అడుగును. ప్రార్థింపుము, నాయనా, దేవుడు దారి చూపునని పెద్ద చెప్పి పంపును. అతడేమి చేయునో మేము చెప్పము. అతనిని తప్పుపట్టు హక్కును మాకు లేదు. దేవుని చిత్తమేమను ప్రశ్న ఆ రాత్రి అతని కొక్కనికే వేయబడినదని మేము అనుకొనము. అతనితో కూడ అదే చాపమీద కూర్చుండి పాడినవారికిని అది వేయబడినది. ఆ వారమున సంఘపు పెట్టెలో రొక్కమెంత యున్నదనియు, ఆ సొమ్ము దేనికొఱకు కూడబెట్టబడుచున్నదనియు అడుగువారు మాత్రము మాకు తక్కువగా కనబడుచున్నారు.